ల్యాండింగ్‌లో విమానం దబ్బున పడిందా? మొదటి రెండు సెకన్లలో ఏం చేయాలి, దిగాక ఏం చూడాలి

"సార్, నిన్న ల్యాండింగ్ కాస్త గట్టిగా తగిలింది. ఎగిరి మళ్ళీ పడింది. ఏం కాదుగా?" సోలోకి (ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడానికి) వెళ్ళిన వారం లోపల నాకు ఇలాంటి మెసేజ్ పెట్టని స్టూడెంట్లు తక్కువ. అమెరికాలో గంటలు పూర్తి చేసుకుంటున్న మనవాళ్ళూ అడుగుతారు, బేగంపేటలో నేర్చుకునేవాళ్ళూ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా రాసి విసుగొచ్చి, అంతా ఒకచోట పెడుతున్నాను.

సెస్నా 172ఎస్ అనే చిన్న శిక్షణ విమానాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మీది పైపరైనా, డైమండైనా పద్ధతి ఇదే. అంకెలు మాత్రం మీ విమానం హ్యాండ్‌బుక్‌లోవే వాడండి.

థియరీ ఒక్క పేరాతో సరిపెడతాను. చిన్న విమానాల డిజైన్ నియమాల ప్రకారం ల్యాండింగ్ గేర్ (చక్రాలు, వాటి కాళ్ళు) సెకనుకు 7 నుంచి 10 అడుగుల వేగంతో నేలను తాకినా తట్టుకోవాలి. 172 బరువుకీ రెక్కల వైశాల్యానికీ లెక్క వేస్తే సుమారు ఎనిమిదిన్నర అడుగులు వస్తుంది. అంటే నిమిషానికి 500 అడుగుల పైమాట. మామూలు మూడు డిగ్రీల ఫైనల్‌లో (రన్‌వే వైపు తిన్నగా దిగే చివరి దారిలో) 65 నాట్ల దగ్గర మీరు దిగేది నిమిషానికి 340 అడుగుల దరిదాపుల్లోనే. అంటే ఫ్లేర్ (నేల దగ్గర ముక్కు ఎత్తి దిగే వేగం తగ్గించడం) పూర్తిగా మర్చిపోయి మెయిన్ వీల్స్ (వెనకున్న రెండు ప్రధాన చక్రాలు) మీద పడ్డా, పళ్ళు టకటకలాడతాయి తప్ప విమానం నిలబడే అవకాశమే ఎక్కువ. నోస్ వీల్ (ముక్కు కింది చక్రం) అలా కాదు. అది ఇంజిన్ వెనకున్న ఫైర్‌వాల్ రేకుకి బిగించి ఉంటుంది, దాని మీద విమానాన్ని దింపకూడదు. నేను చూసిన పాడైన విమానాల్లో చాలావాటిని మొదటి దెబ్బ పాడుచేయలేదు. ఆ దెబ్బకి విమానం పైకి లేస్తే పైలట్ కంగారుపడి యోక్ (లాగితే ముక్కు లేచే, తోస్తే దిగే చేతి చక్రం) ముందుకు తోశాడు, రెండోసారి ముక్కు మీద పడింది. అసలు నష్టం అక్కడ జరిగింది.

కావలసినవి

పెద్దగా ఏమీ లేవు. మీ విమానం హ్యాండ్‌బుక్, అందులో ల్యాండింగ్, గో అరౌండ్ (దిగడం మానేసి మళ్ళీ పైకి వెళ్ళడం) పేజీలు నోటికి వచ్చి ఉండాలి. కావాలని బౌన్స్ చేసి చూపించగల ఇన్‌స్ట్రక్టర్. చిన్న టార్చి. విమానం కింద పడుకోవడానికి పాత దుప్పటి ముక్క. దుప్పటి ఎందుకని నవ్వకండి. అది లేకపోతే యూనిఫాం చొక్కా మాసిపోతుందని కిందకి వంగరు, వంగకపోతే చూడాల్సినది చూడరు.

1. సీటు ఎత్తు ప్రతిసారీ ఒకేలా పెట్టుకోండి

172ఎస్‌లో సీటు ఎత్తు మార్చుకోవచ్చు. మీ కంటి ఎత్తు రెండంగుళాలు మారితే ఫ్లేర్ అంచనా మొత్తం మారిపోతుంది. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) లేకుండా నేల మీద కూర్చున్నప్పుడు ముక్కు పైభాగం ముందున్న వస్తువుల్లో దేనికి సమంగా కనబడుతోందో గుర్తుపెట్టుకోండి. కూర్చోగానే సీటుని ముందుకీ వెనక్కీ ఊపి, లాక్ పట్టిందో లేదో చూసుకోండి. ఇది ల్యాండింగ్ కంటే టేకాఫ్‌లో ఎక్కువ ముఖ్యం, ఎందుకో ఊహించగలరు.

2. స్పీడు, ట్రిమ్ 500 అడుగుల ఎత్తులోనే కుదరాలి

172ఎస్‌లో 30 డిగ్రీల ఫ్లాప్స్‌తో ఫైనల్ స్పీడు 60 నుంచి 70 నాట్లు. నేను 65 పట్టుకోమంటాను. "సేఫ్టీకి ఇంకో పది" అని చాలామంది 75తో వస్తారు. పదే కదా అనిపిస్తుంది కానీ, విమానంలోని శక్తి మూడో వంతు పెరుగుతుంది. ఆ శక్తి ఖర్చయ్యేదాకా విమానం రన్‌వే మీద తేలుతూ పోతుంది. ఓపిక పట్టలేక నేలకు నొక్కుతారు, నోస్ వీల్ ముందు తగులుతుంది.

గాలి విసురుగా ఉంటే, నిలకడ గాలికీ విసురుకీ ఉన్న తేడాలో సగం కలపండి. గాలి 10, విసురు 20 అయితే 5 కలపాలి. అంతకుమించి వద్దు.

ట్రిమ్ (యోక్ మీద చేతి బలం అక్కర్లేకుండా చేసే సర్దుబాటు) సంగతి. ముందు సీట్లలో ఇద్దరే ఉండి, వెనక ఖాళీగా ఉంటే 172 ముక్కు బరువుగా ఉంటుంది. ఫుల్ ఫ్లాప్స్‌లో మరీనూ. ట్రిమ్ చేయకుండా వస్తే ఫ్లేర్‌లో చెయ్యి సరిపోక, లాగాల్సినంత లాగరు. ఫైనల్‌లో రెండు వేళ్ళతో పట్టుకున్నా స్పీడు కదలకుండా ఉంటే ట్రిమ్ కుదిరినట్టు. సోలోలో పక్క సీటు బరువు తగ్గుతుంది కాబట్టి విమానం ఎక్కువసేపు తేలుతుంది, దానికి ముందే సిద్ధపడండి.

500 అడుగుల దగ్గర స్పీడు, సెంటర్‌లైన్, దిగే వేగం మూడూ కుదరకపోతే అప్పుడే గో అరౌండ్. "దగ్గరికెళ్ళాక సర్దుకుంటుందిలే" అనుకుంటే సర్దుకోదు.

3. చూపు రన్‌వే చివరికి

రన్‌వే అంచు దాటగానే చూపు దూరానికి, రన్‌వే రెండో చివరికి మార్చండి. ముక్కు ముందు నేలని చూస్తే అంతా వేగంగా పరిగెత్తినట్టు కనబడి, ఎత్తు తెలియదు.

వెడల్పు రన్‌వే, ఇరుకు రన్‌వే మోసం చేస్తాయి. అమెరికాలో చిన్న ఎయిర్‌పోర్టుల్లో 75 అడుగుల వెడల్పు రన్‌వేలు మామూలు. వాటికి అలవాటుపడి బేగంపేట లాంటి 45 మీటర్ల రన్‌వే మీదకి వస్తే, ఉన్నదానికన్నా కిందికి వచ్చేసినట్టు అనిపిస్తుంది. ఎత్తులోనే ఫ్లేర్ చేస్తారు, స్పీడు అయిపోతుంది, అక్కణ్ణుంచి దబ్బున పడుతుంది. వెడల్పు నుంచి ఇరుకుకి వెళ్తే దీనికి తలకిందులు: ఇంకా ఎత్తులో ఉన్నామనుకుని ఫ్లేర్ ఆలస్యం చేస్తారు. కొత్త రన్‌వేకి వెళ్ళేముందు దాని వెడల్పు చూసుకోండి, పని సగం అయినట్టే.

ఎండాకాలం మధ్యాహ్నాల గురించి ఒక పక్కమాట. బేగంపేట సముద్రమట్టానికి 1,700 అడుగుల పైన ఉంది. 40 డిగ్రీల ఎండలో విమానానికి అది 5,000 అడుగుల ఎత్తు కింద లెక్క. మీటరులో 65 నాట్లే పట్టుకోండి, మార్చకండి. కానీ నేల ఎక్కువ వేగంగా పరిగెత్తుతుంది, గో అరౌండ్‌లో ఎక్కడం నెమ్మదిగా ఉంటుంది. నేల పరుగు చూసి భయపడి స్పీడు తగ్గించడం అక్కడ జరిగే తప్పు.

4. ఫ్లేర్: దింపకండి, దిగనివ్వండి

పవర్ తీసేసి, విమానం దిగుతున్న కొద్దీ కొంచెం కొంచెంగా యోక్ వెనక్కి తీసుకుంటూ ఉండండి. నేలకి అడుగు, రెండడుగుల ఎత్తులో దాన్ని దిగనివ్వనని మీరు పట్టుబట్టాలి, అది దిగుతానని పట్టుబట్టాలి. చివరికి అదే గెలుస్తుంది, మెయిన్ వీల్స్ ముందు తగులుతాయి. తగిలాక కూడా యోక్ వదలకండి. వెనక్కే పట్టి ఉంటే నోస్ వీల్ తనంతట తాను మెల్లగా వాలుతుంది.

ఎక్కువ లాగేసి విమానం పైకి తేలిపోయిందా? దీన్నే బెలూన్ అంటారు. కొద్దిగా తేలితే ముక్కు అక్కడే ఆపి, కొద్దిగా పవర్ ఇచ్చి మళ్ళీ దిగనివ్వండి. పది అడుగులు దాటితే ఆలోచన వద్దు, గో అరౌండ్.

5. బౌన్స్ అయింది. ఇప్పుడు?

ఇక్కడ నెమ్మదిగా చదవండి, మిగతాదంతా వదిలేసినా పర్వాలేదు.

చక్రాలు తగిలాయి, విమానం లేచింది. ముక్కు పైకి పోయి రన్‌వే కనబడటం లేదు. రెక్కలు ఇక మోయలేవని హెచ్చరించే స్టాల్ హార్న్ కూస్తోంది. మీ ప్రమేయం లేకుండానే చెయ్యి యోక్‌ని ముందుకు తోస్తుంది. రోడ్డు కనబడకపోతే తల వంచి చూసినట్టు, రన్‌వే కనబడాలని ముక్కు దించుతారు. ఆ తోపుని ఆపుకోవడమే మీరు నేర్చుకోవాల్సిన పని.

నా మూడో సోలోలో నేనూ తోశాను. మొదటి దెబ్బ చిన్నదే. రెండోది ముక్కు మీద. మూడోది ఇంకా గట్టిగా తగిలేదే, పక్క సీటులో లేని ఇన్‌స్ట్రక్టర్ గొంతు చెవిలో వినబడినట్టై థ్రాటిల్ నొక్కేశాను. పైకి వెళ్ళాక చూసుకుంటే కుడికాలు రడ్డర్ (ముక్కుని పక్కలకు తిప్పే పెడల్) మీద వణుకుతోంది.

ఎంత లేచిందన్నదాన్ని బట్టి ఇలా చేయండి.

అడుగు, రెండడుగులు లేస్తే: యోక్ ఎక్కడుందో అక్కడే పట్టుకోండి. ముందుకి తోయొద్దు, వెనక్కి గుంజొద్దు. ముక్కు ల్యాండింగ్ భంగిమలోనే ఉండాలి. స్పీడు అయిపోయినట్టు అనిపిస్తే కొద్దిగా పవర్. రన్‌వే మిగిలి ఉంటే మళ్ళీ మెయిన్ వీల్స్ మీద వాలుతుంది.

అంతకుమించి లేస్తే: ఫుల్ పవర్, గో అరౌండ్. ఎంత ఎత్తో కొలిచేంత టైం ఉండదు. "ఇది చిన్నదా పెద్దదా" అన్న సందేహం వచ్చిందంటే అది పెద్దదే.

కప్పగంతులు మొదలైతే: ముక్కు తగిలి లేవడం, మళ్ళీ తగిలి లేవడం. యోక్‌తో వెంటబడి ఆపాలని చూడొద్దు. మీ చెయ్యి ఎప్పుడూ అర సెకను ఆలస్యం, మీరు చేసే ప్రతి సవరణా తర్వాతి గంతుని పెద్దది చేస్తుంది. సాధారణంగా మూడో, నాలుగో గంతుకి నోస్ గేర్ విరుగుతుంది. రెండో దెబ్బ ముక్కు మీద తగిలిన వెంటనే ఫుల్ పవర్.

పక్కగాలిలో లేస్తే: గాల్లో ఉన్న ఆ క్షణంలో విమానం పక్కకి జరుగుతుంది. గాలి వైపు రెక్క దించి, రడ్డర్‌తో ముక్కు తిన్నగా పెట్టలేకపోతే చిన్న బౌన్స్ అయినా గో అరౌండే. చక్రాలు అడ్డంగా తగిలితే గేర్ మీద పక్క లోడు పడుతుంది.

ఒక్క మినహాయింపు ఉంది. దెబ్బ తగిలినప్పుడు ముందు నుంచి టకటకమని చప్పుడు వచ్చినా, ఇంజిన్ విపరీతంగా వణికినా ప్రొపెల్లర్ నేలకు తగిలిందని అనుకోండి. 172 ప్రొపెల్లర్ అంచుకీ నేలకీ మధ్య ఖాళీ అడుగుకి కాస్త తక్కువ, ముక్కు గట్టిగా దిగితే అదేమంత ఎక్కువ కాదు. అప్పుడు గో అరౌండ్ చేయొద్దు. ఆ ఇంజిన్ రన్‌వే చివరిదాకా తిరుగుతుందన్న నమ్మకం లేదు. పవర్ తీసేసి, యోక్ వెనక్కి పట్టి, నేల మీదే ఉండండి. రన్‌వే దాటి గడ్డిలోకి పోయినా సరే.

6. గో అరౌండ్ వరస

థ్రాటిల్ పూర్తిగా. పాత కార్బొరేటర్ మోడల్ అయితే కార్బ్ హీట్ (కార్బొరేటర్‌కి వేడిగాలి పంపే నాబ్) కూడా లోపలికి. ఫైనల్‌కి ట్రిమ్ చేసి ఉన్నారు కాబట్టి ఫుల్ పవర్ ఇవ్వగానే ముక్కు జోరుగా పైకి లేస్తుంది. అరచేత్తో ఆపి పట్టండి, కుడి రడ్డర్ నొక్కండి. ఫ్లాప్స్ వెంటనే 20కి. ఎక్కే స్పీడు 60 నాట్లు. అడ్డంకులు దాటేదాకా ఫ్లాప్స్ 10, ఆ తర్వాత సున్నా.

ఇక్కడ రెండు తప్పులు మళ్ళీ మళ్ళీ చూస్తాను. కంగారులో ఫ్లాప్స్ ఒక్కసారే సున్నాకి లేపేయడం: విమానం చటుక్కున కిందికి జారుతుంది. టవర్‌కి ముందు రేడియోలో చెప్పబోవడం: టవర్ వాళ్ళకి కళ్ళున్నాయి, మీరు ఎక్కుతున్నది కనబడుతుంది. ముందు విమానం, తర్వాత మాట.

7. నేల మీద ఆగాక

గట్టిగా తగిలిందంటే టచ్ అండ్ గో (దిగీ దిగగానే మళ్ళీ ఎగరడం) అక్కడితో ఆపేయండి. "ఇంకో సర్క్యూట్ కొట్టి మంచి ల్యాండింగ్‌తో ముగిద్దాం" అనిపిస్తుంది. అనిపించనివ్వండి, చేయకండి.

స్టీరింగ్ మామూలుగా ఉంటేనే ట్యాక్సీ చేయండి. ముక్కు వాలిపోయి ఉన్నా, ప్రొపెల్లర్ తగిలిందన్న అనుమానం ఉన్నా రన్‌వే మీదే ఆగిపోయి, టవర్‌కి చెప్పి, మిక్స్చర్, మ్యాగ్నెటోలు, ఫ్యూయల్ సెలెక్టర్, మాస్టర్ వరసగా కట్ చేసి దిగండి. ప్రొపెల్లర్ ముందు నుంచి నడవొద్దు.

మాస్టర్ ఆపేముందు వీలుంటే రేడియోని అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5కి తిప్పి ఒక్క క్షణం వినండి. కుయ్యి కుయ్యిమని దిగజారే సైరన్ వినబడితే దెబ్బకి మీ ఈఎల్‌టీ (విమానం పడితే తనంతట తానే సిగ్నల్ పంపే పరికరం) ఆన్ అయిందన్నమాట. రీసెట్ చేసి, టవర్‌కి చెప్పండి. లేకపోతే షెడ్డులో పెట్టిన విమానం కోసం ఎవరో ఆకాశంలో వెతకాల్సి వస్తుంది.

8. దుప్పటి పరచండి, టార్చి తీయండి

ఇది మెకానిక్ చేసే పని కాదు, మీరు చేసే మొదటి చూపు. ఏమీ కనబడకపోయినా మెకానిక్ చూడాల్సిందే. ఈ వరసలో చూడండి.

ప్రొపెల్లర్ అంచులు: గీత, వంపు, రంగు ఊడటం. తగిలిందని తేలితే ఇంజిన్ తిప్పకండి. లైకమింగ్ ఇంజిన్లకి ప్రొపెల్లర్ తగిలాక లోపలి క్రాంక్‌షాఫ్ట్ గేరు పరీక్షించాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ తప్పనిసరి ఆదేశం ఉంది. బయటికి చిన్న గీతే కనబడినా సరే.

నోస్ స్ట్రట్ (నోస్ వీల్ మీది దెబ్బని తట్టుకునే గొట్టం): మెరిసే కడ్డీ బయటికి ఎంత కనబడుతోంది? పొద్దున బయల్దేరే ముందు ఎన్ని వేళ్ళు పట్టిందో గుర్తుంటేనే ఇప్పుడు పోల్చగలరు, అందుకే ప్రీఫ్లైట్‌లో వేళ్ళు పెట్టి చూసే అలవాటు చేసుకోండి. ఎర్రటి నూనె కారుతోందా చూడండి.

ఫైర్‌వాల్: పెడల్స్ దగ్గర నేల మీద వెల్లకిలా పడుకుని, టార్చి కాంతిని రేకు మీదుగా ఏటవాలుగా వేయండి. తిన్నగా వేస్తే ముడత కనబడదు. నోస్ గేర్ బిగించిన చోటు చుట్టూ బిస్కెట్ ప్యాకెట్ కవరు నలిపినట్టు చిన్న ముడత ఉందేమో చూడండి. రివెట్ల తలలు వదులైతే చుట్టూ బూడిదరంగు మసి గీత ఉంటుంది. ఒకసారి నేను ఇలా పడుకుని చూస్తే ముడత కనబడింది. ఆ రోజు ఆ విమానంలో నాకు ముందు ముగ్గురు ఎగిరారు, గట్టిగా దింపింది తానేనని వాళ్ళలో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు.

రడ్డర్ పెడల్స్ రెండు వైపులా చివరిదాకా పోతున్నాయా, మధ్యలో పట్టేస్తున్నాయా? తలుపులు మామూలుగా మూసుకుంటున్నాయా? పొద్దున మూసుకున్న తలుపు ఇప్పుడు గట్టిగా నెడితే గానీ మూసుకోకపోతే ఫ్రేమ్ కదిలినట్టే. తోక కింద తాడు కట్టే రింగు గీసుకుపోయిందా? మెయిన్ గేర్ బిగించిన చోట, రెక్కల పైరేకు మీద ముడతలున్నాయా? బ్రేక్ నూనె, పెట్రోలు ఎక్కడైనా కారుతోందా?

అన్నిటికీ ఫోటోలు తీసుకోండి.

9. చెప్పండి, రాయండి

ఇండియాలో అయితే టెక్ లాగ్‌లో "హార్డ్ ల్యాండింగ్" అని రాసి, సీఎఫ్‌ఐకి (చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌కి) అప్పుడే చెప్పండి. ఏఎంఈ (లైసెన్సున్న మెయింటెనెన్స్ ఇంజనీరు) మెయింటెనెన్స్ మాన్యువల్‌లోని హార్డ్ ల్యాండింగ్ తనిఖీ చేసి సంతకం పెట్టేదాకా ఆ విమానం ఎగరదు. అమెరికాలో స్కూలుకి చెప్పి, స్క్వాక్ షీట్‌లో (విమానంలోని లోపాలు రాసే కాగితంలో) రాయండి.

ఇది యాక్సిడెంట్ కిందికి వస్తుందా అని చాలామందికి టెన్షన్. అమెరికా నియమాల్లో టైరు, గేర్, నేలకి తగిలిన ప్రొపెల్లర్ వరకే నష్టమైతే దాన్ని పెద్ద నష్టంగా లెక్కించరు. ఫైర్‌వాల్ ముడతపడి నిర్మాణం దెబ్బతింటే సంగతి వేరు, అక్కడ ప్రమాదాల్ని విచారించే ఎన్‌టీఎస్‌బీకి వెంటనే తెలియజేయాల్సి రావచ్చు. ఆ తీర్పు మీరు ఇవ్వకండి. మీ పని జరిగింది జరిగినట్టు చెప్పడం, విమానాన్ని ఉన్నచోటి నుంచి కదిలించేముందు అడగడం.

"గట్టిగా తగిలింది" అని రాస్తే చెడ్డపేరు వస్తుందని దాచేవాళ్ళున్నారు. ఇన్‌స్ట్రక్టర్‌గా చెబుతున్నా, రాసినవాడి మీద నాకు అనుమానం ఉండదు.

మెరుగుపడుతున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

"మెత్తగా దిగిందా" అన్నది కొలత కాదు. మెత్తగా దిగిన ల్యాండింగుల్లో కూడా మూడు చక్రాలూ ఒకేసారి తగిలినవి ఉంటాయి, అవి అదృష్టం. ఇవి చూడండి: నేలకు తగిలే ముందు స్టాల్ హార్న్ మొదలైందా? మెయిన్ వీల్స్ తగిలాక నోస్ వీల్ దిగడానికి మధ్య ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత టైం ఉందా? అనుకున్న చోటే తగిలిందా?

రన్‌వే పక్కన సురక్షితమైన చోటు నుంచి స్నేహితుణ్ణి ఫోన్‌లో వీడియో తీయమనండి, స్లో మోషన్‌లో ఏ చక్రం ముందు తగిలిందో తేలిపోతుంది. జీ1000 (మీటర్ల బదులు స్క్రీన్లుండే డిజిటల్ ప్యానెల్) ఉన్న విమానంలో ఎస్‌డీ కార్డు లాగ్‌లో స్పీడు, దిగే వేగం, జీ లోడు వరసలు ఉంటాయి. అయితే అది సెకనుకి ఒక్కసారే రాస్తుంది, అసలు దెబ్బ రెండు లైన్ల మధ్య జారిపోవచ్చు. ఆ అంకె తక్కువగా ఉందని తనిఖీ మానేయొద్దు. ఫైనల్ స్పీడు నిలకడగా ఉందా అన్నది చూడటానికి మాత్రం బాగా పనికొస్తుంది.

హార్డ్ ల్యాండింగ్ తర్వాత మొదటి ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్ళండి. మొదటి సర్క్యూట్‌లో చక్రాలు తగలకుండా ఫ్లేర్ నుంచే గో అరౌండ్. రెండోదాంట్లో ఇన్‌స్ట్రక్టర్ చిన్న బౌన్స్ చేయించి ఇస్తారు, మీరు యోక్ కదలకుండా పట్టుకోవాలి. మూడోది ఫుల్ స్టాప్. రెండోదాంట్లో మీ చెయ్యి ముందుకి తోసిందనుకోండి, మూడోది రేపటికి వాయిదా వేసి రెండోదే ఇంకో నాలుగుసార్లు చేయండి.